పిచ్చుక చెప్పని మాటలు

మా అక్క ఊరికే కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. టీవీ ముందు కూర్చున్నా ఒళ్ళో ఎవరిదో ఒకరి చొక్కా ఉంటుంది, దానికో గుండీ కుడుతూ ఉంటుంది. మాటలు రాని పిల్లల కోసం నడిపే ఒక చిన్న బడిలో ఆమె ఆయా. అన్నం తినిపించడం, మూతి తుడవడం, బాత్రూముకు తీసుకెళ్ళడం, గుక్కపట్టి ఏడ్చేవాళ్ళను భుజాన వేసుకుని వరండాలో తిప్పడం, ఇవీ ఆమె పనులు. ఆ బడిలో పిల్లలకు ఆమె అక్క. పిల్లల తల్లులకూ అక్కే. చివరికి బడి నడిపే పెద్ద టీచరమ్మ కూడా పరాకున అక్కా అనేసి నాలుక కరుచుకునేది.

అక్కా బావా కింది వాటాలో ఉండేవాళ్ళు, నేను పైన. బావ ఫ్యాన్లకూ నీళ్ళ మోటార్లకూ తీగ చుట్టే పని చేస్తాడు. పిల్లలు లేరు. అక్క అభిమానమంతా ఆ బడి పిల్లల మీదే, అందులోనూ పిచ్చుక మీద.

పిచ్చుకకు అప్పటికి పదేళ్ళు దాటాయి. చేతులు రెండూ రెక్కల్లా ఆడించుకుంటూ గదంతా తిరిగేది కాబట్టి తల్లి అలా పిలిచింది, అదే అందరి నోటా నిలిచింది. ఆ పిల్లకు ఒక్క మాట రాదు. మనిషి ముఖంలోకి చూడదు. అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి, అందుకు రోజూ మాత్రలు. తల్లి బట్టలు కుడుతుంది, ఇంటి ముందుగదే దుకాణం. ఆవిడ అక్కతో ఒకసారి అందట, నన్ను అమ్మా అని పిలవకపోయినా ఫరవాలేదు, కడుపు నొప్పి వచ్చినప్పుడు కడుపు నొప్పి అని చెబితే చాలు, ఎక్కడ నొప్పో తెలియక ఒళ్ళంతా తడుముతుంటే నా ప్రాణం పోతోంది అని.

అలాంటి బడికి ఒక ట్రైనర్ వచ్చాడు. తెల్లటి చొక్కా, మెత్తటి గొంతు. ఈ పిల్లల లోపల మాటలు నిండుగా ఉన్నాయని, చెయ్యి మాట వినకపోవడం వల్లే అవి బయటికి రావడం లేదని చెప్పాడు. పెద్దవాళ్ళు పిల్ల మణికట్టు కింద తమ చెయ్యి పెట్టి ఆసరా ఇస్తే, ఆ పిల్లే అక్షరాల అట్ట మీద వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ మాట్లాడుతుందన్నాడు. తెర మీద రంగురంగుల మెదడు బొమ్మలు వేశాడు. ఒక టీచరు లేచి, ఆ మాటలు పిల్ల చెప్పేవా, చెయ్యి పట్టుకున్న మనిషి చెప్పేవా ఎలా తెలుస్తుందని అడిగింది. ఆయన నొచ్చుకోలేదు, నవ్వాడు. ఇన్నేళ్ళు మూగగా బతికిన పిల్లకు పరీక్ష పెట్టడం కంటే అవమానం ఉండదని, అనుమానం ఉన్న చేతిలో మాట పలకదని అన్నాడు. అందరూ తలలూపారు. అక్క కూడా ఊపింది.

ట్రైనర్ వెళ్ళిన వారంలోనే పిచ్చుక చెయ్యి అక్క చేతిలో కదిలింది. వేలు అట్ట మీద అటూ ఇటూ తారాడి 'అ' మీద ఆగింది. తర్వాత 'మ', దాని కింద మావత్తు. కబురు తెలిసి తల్లి మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బడి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అక్క ఆ సాయంత్రం పైకి నా దగ్గరకొచ్చి, నవ్వూ ఏడుపూ కలిసిపోయి, చెప్పిందే చెప్పింది.

ఆ తర్వాత మాటలు వరదలా వచ్చాయి. 'నాకన్నీ తెలుసు.' 'నన్ను చిన్నపిల్లలా చూడకండి.' 'అక్క చెయ్యి వెచ్చగా ఉంటుంది, అక్కంటే నాకిష్టం.' మిగతా ఆయాల చేతుల్లో అరకొరగా వచ్చేది, అక్క చేతిలో మాత్రం వాక్యాలకు వాక్యాలు. చూడ్డానికి జనం రావడం మొదలైంది. ఎవరో వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఏనాడూ నలుగురిలో నోరెత్తని మా అక్కను ఒక సభలో వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆమె చేతిలో ఏదో మహిమ ఉందన్నారు. అక్క సిగ్గుపడింది గానీ, ఆ మాట ఆమెకు చేదుగా ఏమీ లేదు.

తేడా ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టింది నేనే.

ఒకరోజు అక్క బడి నుంచి వచ్చి, ఇవాళ పిచ్చుక ఎంత అందంగా రాసిందో తెలుసా అంది. ఉక్కగా ఉండి, కిటికీలోంచి ఒక్కసారిగా చల్లగాలి కొట్టిందట. పిచ్చుక వేలు అట్ట మీద 'కబురుగాలి వచ్చింది' అని చూపించిందట. చూడవచ్చిన వాళ్ళు, ఈ పిల్ల కవి అవుతుందని మెచ్చుకున్నారట.

"అది మన అమ్మ మాట కదే" అన్నాను.

వానకు ముందు వచ్చే గాలిని మా అమ్మ కబురుగాలి అనేది. ఆ మాట అమ్మ నోట తప్ప ఇంకెవరి నోటా నేను వినలేదు. అక్క నా ముఖంలోకి చూసి, నేనే ఎప్పుడో బడిలో అని ఉంటాను, దానికి చెవులు పాము చెవులు, పట్టేసుకుంది అంది. అయి ఉండొచ్చు అన్నాను. నిజంగానే అయి ఉండొచ్చు. కానీ ఆ రోజు నుంచి అక్క కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది.

తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. పొయ్యి మీద పాలు పెట్టి, నా దగ్గరకొచ్చి ఏదో అడగబోయి, అడగకుండానే వెళ్ళిపోయేది. ఆమె బుర్రలో ఏం తిరుగుతోందో కొంచెం కొంచెంగా బయటపడింది. వేలు అక్షరం మీదికి పోతున్నప్పుడు పిచ్చుక అట్ట వైపు చూడటం లేదు. తిరిగే ఫ్యాన్ను చూస్తోంది, గోడను చూస్తోంది. చూడకుండా ఎవరైనా ఎలా రాస్తారు? పోనీ రాసిందే అనుకుంటే, 'విషయం' అనే మాటను ప్రతిసారీ 'విశయం' అనే ఎందుకు రాస్తుంది? అక్క కూడా చిన్నప్పటి నుంచీ అలాగే రాస్తుంది. దాని కోసం మాస్టారి చేత దెబ్బలు కూడా తింది.

తట్టుకోలేక ట్రైనర్‌కు ఫోన్ చేసింది. ఇలాంటి పిల్లలకు పక్కచూపు చాలా పదునుగా ఉంటుందన్నాడాయన. మనసులు కలిసినప్పుడు తప్పులు కూడా కలుస్తాయన్నాడు. అక్క తేలికపడి ఫోన్ పెట్టేసింది. ఆ తేలిక మర్నాటికే పోయింది. బడిలో పిచ్చుక చెయ్యి పట్టుకుని, తను కళ్ళు మూసుకుంది. వేలు కదిలింది. కళ్ళు తెరిచాక, పక్కనున్న ఇంకో ఆయాను ఏ అక్షరాలు వచ్చాయని అడిగితే, ణ, ఝ, ఔ, మళ్ళీ ణ అని చెప్పింది. అదే చెయ్యి, అదే పిల్ల. తన కళ్ళు మాత్రమే లేవు.

మళ్ళీ ఫోన్ చేసింది. నువ్వు అనుమానంతో పట్టుకున్నావు, అందుకే పిల్ల ముడుచుకుపోయింది అన్నాడాయన. అక్క వచ్చి ఆ సంగతి బావతో చెబుతుంటే నేనక్కడే ఉన్నాను. సరిగ్గా వస్తే అది పద్ధతి గొప్పతనమట, తప్పుగా వస్తే మన లోపమట.

"అలాగైతే ఆయన ఓడిపోయేది ఎప్పుడు?" అంది అక్క. బావ, నువ్వు మరీ ఆలోచిస్తున్నావు, కాస్త తిను అని కంచం దగ్గరకు జరిపాడు. అక్క కలిపిన ముద్ద అలాగే పెట్టి చెయ్యి కడిగేసుకుంది.

నేననుకోవడం, ఆమె అప్పటికీ ఎలాగోలా సర్దుకుపోయి ఉండేదేమో. మనసుకు నచ్చిన అబద్ధాన్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమే. శాలువా సంగతి పక్కన పెట్టండి, ఒక పిల్ల తనంటే ఇష్టమని చెప్పింది, ఆ మాటను ఎలా వదులుకుంటుంది? కానీ ఒకరోజు పిచ్చుక తల్లి బడికొచ్చి, మాటల మధ్యలో, ఫిట్స్ మాత్ర సగమే వేస్తున్నానని, ఇంకొన్నాళ్ళు చూసి ఆపేస్తానని చెప్పింది.

అక్క, డాక్టరును అడిగారా వదినా అంది.

"డాక్టరు బయటి నుంచి చూస్తాడక్కా. ఇది లోపలి నుంచి చెబుతోంది" అంది తల్లి. "నీ చేతి మీదే కదా చెప్పింది, మాత్ర వేస్తే మత్తుగా ఉంటోంది, వద్దని."

అవును, చెప్పింది. ఆ రోజు ఆ వాక్యం చూసి అక్క, పాపం పిల్ల అనుకుంది కూడా. కానీ ఇప్పుడు ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. మా అమ్మ మంచాన పడ్డ చివరి ఏడాది ఆమెకు సేవ చేసింది అక్కే. అమ్మ వేసుకున్న మాత్రలు ఆమెను రోజంతా మగతలో ముంచేసేవి. ఆ మాత్రలే అమ్మ మాటను తినేశాయని అక్కకు ఇప్పటికీ కసి. మాత్ర అంటేనే ఆమెకు గిట్టదు, తలనొప్పికి కూడా వేసుకోదు.

ఆ సాయంత్రం అక్క మెట్లెక్కి నా గదికొచ్చింది. కూర్చోలేదు. తలుపు దగ్గర నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి నడుస్తూనే మాట్లాడింది.

"నాకు తెలియంది, దానికి మాత్రమే తెలిసింది, ఒక్కటైనా చెప్పిందా ఇన్నాళ్ళలో? అది తేలాలి. నువ్వు నాతో రా."

ఆదివారం పొద్దున ఇద్దరం పిచ్చుక ఇంటికి వెళ్ళాం. దర్జీ గదిలో గుడ్డముక్కల మధ్య పిచ్చుక చేతులాడించుకుంటూ తిరుగుతోంది. అక్క చెప్పింది విని తల్లి మొదట ఒప్పుకోలేదు. దాన్ని అవమానిస్తామా అంది. మాత్ర ఆపాలో వద్దో దాని మాట మీద తేల్చేటప్పుడు, ఆ మాట దానిదో కాదో చూసుకోవద్దా అని అక్క బతిమాలింది. చివరికి ఆవిడ సరేనంది. దానికి అన్నీ తెలుసు, మీరే చూస్తారు అంది.

ఏర్పాటు పెద్దదేమీ కాదు. లోపలి గదిలో తల్లి పిచ్చుకకు ఒక వస్తువు చూపించి, చేతికిచ్చి, మళ్ళీ దాచేస్తుంది. ముందుగదిలో ఉన్న అక్కకు అదేమిటో తెలియదు. తర్వాత పిచ్చుక వచ్చి అక్క చేతి ఆసరాతో అట్ట మీద ఆ వస్తువు పేరు చూపించాలి.

మొదట తల్లి దువ్వెన చూపించింది. వేలు 'కత్తెర' అని చూపించింది. దర్జీ ఇంట్లో ఎవరైనా ముందు అనుకునేది అదే మరి. తల్లి, అది కత్తెరను రోజూ చూస్తుంది కదా, పొరపాటు పడింది అంది. రెండోసారి చూపించింది కాలి చెప్పు, వచ్చింది 'దారం'. మూడోసారి గరిటె, వచ్చింది 'గుండీ'. తల్లి ముఖం వాడిపోతోంది. అయినా, పిల్లకు వస్తువుల పేర్లు సరిగ్గా రావేమో అంది.

అప్పుడు అక్క నన్ను పిలిచి, ఇప్పుడు నాకూ ఒక వస్తువు చూపించు, దానికి చూపించిందే నాకూ చూపించు అంది. తల్లి లోపల పిచ్చుకకు గ్లాసు చూపించింది, నేను ఇవతల అక్కకు అలాంటిదే ఇంకో గ్లాసు చూపించాను. వేలు చకచకా కదిలి 'గ్లాసు' అంది. తల్లి ముఖం వెలిగిపోయింది. చూశారా అంది.

"ఇప్పుడు వేరువేరుగా చూపించండి. దానికేం చూపించేదీ నాకు చెప్పొద్దు" అంది అక్క.

తల్లి పిచ్చుకకు దాని చెప్పు చూపించింది. నేను అక్కకు తాళంచెవి చూపించాను. పిల్ల వచ్చింది. అక్క దాని మణికట్టు కింద చెయ్యి పెట్టింది. ఆమె ముఖం నాకు ఎదురుగా ఉంది. నుదుటి మీద చెమట. ఊపిరి బిగబట్టి, చెయ్యిని కదలనివ్వకూడదని ఆమె ఎంత ప్రయత్నం చేస్తోందో నాకు కనిపిస్తూనే ఉంది. పిచ్చుక కిటికీ వైపు చూస్తోంది. వేలు 'త' మీదికి వెళ్ళింది, అక్కడి నుంచి దీర్ఘం మీదికి, తర్వాత 'ళ' మీదికి.

తల్లి మళ్ళీ చేద్దామంది. చేశాం. మళ్ళీ అంది. మళ్ళీ చేశాం. ప్రతిసారీ అక్క చూసిందే వచ్చింది, పిల్ల చూసింది ఒక్కసారీ రాలేదు. కాసేపటికి పిచ్చుక విసిగి అక్క చెయ్యి విదిలించుకుని మిషను కిందికి దూరి కూర్చుంది.

"నేను తోయలేదు. ఒట్టు, నేను తోయలేదు. తోసినట్టు నాకే తెలియలేదు" అంది అక్క.

తల్లి వంగి మిషను కింద ఉన్న పిచ్చుక వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "అయితే ఆ మొదటిరోజు... అమ్మ అన్నది?" అంది.

"అది కూడా నేనే వదినా."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. మీరు వెళ్ళండి అంది, అంతే. మేం గుమ్మం దిగుతుండగా లోపల మందుల డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

ఆ వారంలోనే పిచ్చుకకు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి వరండాలో అక్క ఒక చివర, తల్లి ఇంకో చివర. అక్క బెంచీ మీద కూర్చోవడం, లేవడం, నీళ్ళ కుళాయి దాకా వెళ్ళి తాగకుండానే తిరిగి రావడం. సగం మాత్ర వల్లే వచ్చాయా అని తల్లి డాక్టరును అడిగితే ఆయన, అందువల్లేనని కచ్చితంగా చెప్పలేను, కాదనీ చెప్పలేను, నన్నడక్కుండా ఇంకెప్పుడూ తగ్గించకండి అన్నాడు. పిల్ల మర్నాటికి కోలుకుంది. తల్లి అక్క వైపు తలెత్తి చూడకుండానే ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

అక్క జరిగిందంతా పెద్ద టీచరమ్మకు చెప్పింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ ఇంతమంది తల్లుల కొండంత ఆశను ఒక్క ఆదివారంతో ఎలా కూల్చేస్తావమ్మా అంది. ఒక పిల్లకు కుదరకపోతే అందరికీ కుదరనట్టేనా అంది. అక్క, అందుకే మిగతా పిల్లలతోనూ చేసి చూద్దాం మేడమ్, నా మాట తప్పని తేలితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు అంది. ఇద్దరు ఆయాలు ఒప్పుకున్నారు, ఒకామె ససేమిరా అంది. ఒప్పుకున్న ఇద్దరి చేతుల్లోనూ అదే జరిగింది. పెద్ద టీచరమ్మ ఆ అట్టలన్నీ తీసుకెళ్ళి స్టోరు గదిలో పెట్టించింది. ట్రైనర్‌కు ఫోన్ చేస్తే, మీ బడిలో ప్రేమ చచ్చిపోయిందన్నాడట. కొందరు తల్లులు పిల్లల్ని మాన్పించి ఆయన దగ్గరకే తీసుకెళ్ళారు. వాళ్ళలో ఒకామె దారిలో అక్క ఎదురైతే, మా పిల్ల నోరు నొక్కేశావని ముఖం మీదే అనేసింది.

అక్కకు ఆ మాట కంటే లోపలి పోరే ఎక్కువైంది. అబద్ధం చెప్పినదాన్నైతే, చెప్పానని నాకు తెలిసేది కదా అనేది. తెలియకుండా నా చెయ్యి ఇన్నాళ్ళు మాట్లాడితే, ఇంకా ఏమేం చేస్తోందో నాకేం తెలుసు అనేది. కూరలో ఉప్పు వేసి, వేశానా లేదా అని నన్ను పిలిచి రుచి చూడమనేది. అన్నిటికంటే ఆమెను తినేసింది 'అక్కంటే నాకిష్టం' అన్న వాక్యం. నాకు నేనే ప్రేమలేఖ రాసుకున్నానే అని ఒకసారి నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను కిందికి దిగి వీధిలోకి వెళ్ళిపోయాను.

బడి మానేస్తుందనుకున్నాం. మానలేదు. కొన్నాళ్ళకు తల్లి పిచ్చుకను మళ్ళీ బడిలో దింపింది. అక్కతో మాత్రం మాట కలపలేదు. అప్పుడే ఆసుపత్రి నుంచి ఒక స్పీచ్ థెరపిస్ట్ వారానికోసారి బడికి రావడం మొదలుపెట్టింది. ఆమె ఏ గొప్పలూ చెప్పలేదు. ఈ పిల్ల లోపల ఎంత ఉందో నాకు తెలియదు, బయటికి వచ్చింది మాత్రమే లెక్క వేద్దాం అంది. చిన్న చిన్న బొమ్మల కార్డులు తెచ్చింది. నీళ్ళు, బయటికి, నొప్పి, ఇంకా కావాలి, వద్దు. ఎవరూ పిల్ల చెయ్యి పట్టుకోకూడదు. కార్డు తనే తీయాలి, తనే అందించాలి. అందించకపోతే ఆగాలి.

ఆగడం అక్కకు నరకం. ఎదురుగా కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, పిచ్చుక కార్డుల్ని నేల మీద పారేస్తుంటే ఏరి మళ్ళీ పేర్చేది. రోజులు కాదు, నెలలు అలా గడిచాయి. ఉలుకూ పలుకూ లేదు. కార్డు నోట్లో పెట్టుకుని నమిలేసేది. ఇదీ ఉత్తదేనేమో అని అక్క ఇంటికొచ్చి నన్ను అడిగేది. ఉత్తదైతే ఉత్తదని తెలుస్తుంది కదా, ఈ పద్ధతికైతే ఆ మర్యాద ఉంది అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం అక్క పిచ్చుకకు తల దువ్వబోయింది. దానికి దువ్వెన పడితే చిరాకు. మామూలుగా అయితే కొరుకుతుంది, గీరుతుంది. ఆ రోజు కొరకలేదు. వంగి, కార్డుల్లో వెతికి, ఒకటి తీసి అక్క ఒళ్ళో పడేసింది. వద్దు.

అక్క దువ్వెన పక్కన పెట్టింది. ముందు పొంగిపోలేదు. అందిన కార్డేదో ఇచ్చిందేమో అనుకుంది. కార్డుల వరస మార్చి, కాసేపాగి మళ్ళీ దువ్వెన తీసింది. పిచ్చుక మళ్ళీ వెతికి వద్దు కార్డే ఇచ్చింది. ఆ వారమంతా అక్క వరసలు మారుస్తూనే ఉంది. కొన్నిసార్లు తప్పింది, చాలాసార్లు తప్పలేదు. తను గదిలో లేనప్పుడు ఇంకో ఆయాను దువ్వమంది. ఆమెకూ వద్దు కార్డే వచ్చింది. స్పీచ్ థెరపిస్ట్ కార్డుల కట్ట ఒకటి ఇంటికీ పంపించింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం పిచ్చుక తల్లి కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, వెంటనే వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది. అక్క వైపు కాక గోడ వైపు చూస్తూ చెప్పింది.

"నిన్న కొత్త గౌను తొడగబోతే నా చేతికి వద్దు కార్డిచ్చింది. నేనే కుట్టాను, అంత కష్టపడి. మళ్ళీ తొడిగితే మళ్ళీ ఇచ్చింది. మెడ దగ్గర గుచ్చుకుంటున్నట్టుంది, లోపల కుట్టు మార్చాను. అప్పుడు వేసుకుంది."

"వేసుకుందా?" అంది అక్క.

"వేసుకుంది. దీన్ని నమ్మొచ్చా అక్కా?" అంది.

అక్కకు ఎంతో చెప్పాలనిపించిందట. నా దగ్గర ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా గదిలో తిరుగుతూనే ఉంది. కానీ ఆవిడతో మాత్రం, ఇంకా తెలియదు వదినా, మీరు ఇంట్లో చూడండి, నేనిక్కడ చూస్తాను, ఇద్దరికీ ఒకేలా కనిపిస్తే అప్పుడు నమ్ముదాం అందట.

తల్లి తలూపి, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. పిచ్చుక గేటు దగ్గర ఆగి, తల్లి చేతిలోంచి తన చెయ్యి లాక్కుని, రెండు చేతులూ ఆడించుకుంటూ ముందు నడిచింది.